సోహార్‌లో పిట్టకు పెట్టిన రోజు

సోహార్‌లో కాకులన్నిటికీ భూపతి ముఖం తెలుసు. ఒమాన్ దేశంలో సముద్రం ఒడ్డున ఉండే ఊరు అది. పొద్దున్నే ఆరింటికి అతను క్యాంపు గేటు దాటి బయటికి వచ్చాడంటే చాలు, కరెంటు తీగల మీద కూర్చున్న కాకులు గోల మొదలుపెట్టేవి. పక్కన నడిచే ఇరవై మందిని ఏమీ అనేవి కావు. ఇతని నెత్తి మీదే తిరిగేవి, ఇతని వెంటే బస్సు దాకా వచ్చేవి. "భూపతన్నా, మీ చుట్టాలొచ్చిండ్రు" అని క్యాంపువాళ్ళు నవ్వేవారు. పాపం, టోపీ మార్చి చూశాడు. మీసం తీసేసి చూశాడు. కాకులు అంత తేలిగ్గా మోసపోయే రకం కాదు.

అంత పగ ఎందుకంటే, అతని ఉద్యోగమే అది. పేరుకు క్లీనింగ్ కంపెనీలో పని. పద్దెనిమిదేళ్ళు రోడ్లు ఊడ్చాడు, బిల్డింగుల అద్దాలు తుడిచాడు, తోటలకు నీళ్ళు పట్టాడు. మూడేళ్ళ కింద ఊళ్ళో కాకులు మరీ ఎక్కువయ్యాయని వాటిని పట్టే పని కంపెనీకి వచ్చింది. ఎవరు చేస్తారని సూపర్‌వైజర్ అడిగితే తెలుగువాళ్ళంతా తలలు వంచుకున్నారు. చచ్చిపోయిన పెద్దల పేరు మీద అన్నం పెడితే వచ్చి తినే పిట్టను ఎట్లా పట్టేదని వాళ్ళ బాధ. భూపతి ఒక్కడే "కాకైతే ఏంది, కోడైతే ఏంది, పని పనే గద" అని ముందుకొచ్చాడు.

కాకులను పట్టేందుకు మన గది అంత పెద్ద తీగల పంజరం. పైన నిచ్చెన మెట్లలాంటి సందులు. లోపల మాంసం ముక్కలు, నీళ్ళు, ఒక బతికున్న కాకి. దాన్ని చూసి మిగతావి మనవాడు హాయిగా తింటున్నాడు కదా అని రెక్కలు ముడుచుకుని సందుల్లోంచి దిగేవి. రెక్కలు విప్పితే మళ్ళీ ఆ సందుల్లో పట్టవు. గురువారం వ్యాను వచ్చి వాటిని తీసుకెళ్ళేది. ఆ తర్వాత ఏం చేసేవారో భూపతి అడగలేదు.

చెప్పుకోవాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ కాకులు అసలు ఆ దేశానివి కావట. ఎప్పుడో మన దేశం నుంచి ఓడల మీద చేరి, అక్కడే గూళ్ళు కట్టుకుని పెరిగినవట. కంపెనీ విడిచి పారిపోయి, కాగితాలు లేకుండా తిరిగే మనిషిని గల్ఫులో కల్లివెల్లి అంటారు. ఇవి కల్లివెల్లి కాకులన్నమాట. వాటిని పట్టి అప్పజెప్పే పని తిరిగి తిరిగి మన దేశం మనిషి చేతికే వచ్చింది.

భూపతి పుట్టింది నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌లో, ఇంటి ముందు నిలబడితే సిద్ధులగుట్ట బండలు కనిపించే గల్లీలో. నాలుగేళ్ళప్పుడు తల్లి పోయింది. అక్క ఆశమ్మకు అప్పటికి పద్నాలుగు. ఆ పిల్ల బడి మానేసి, పసుపు తవ్వే కూలీలతో పోతూ తమ్ముణ్ణి చంకన వేసుకుని పోయేది. కల్లంలో ఉడకబెట్టిన పసుపు ఎండబోసిన చోట బస్తా పరిచి కూర్చోబెట్టి, వాడి కాళ్ళకు తాడు కట్టి పట్టుకున్నట్టు చూపంతా వాడి మీదే పెట్టి పని చేసేది. మాఘమాసం వస్తే ఆర్మూర్ చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ ఆ ఉడుకు వాసనే వేస్తాయి. భూపతికి తల్లి వాసన ఏమిటని అడిగితే ఆ వాసనే చెప్తాడు, ఎందుకంటే అతనికి తెలిసిన తల్లి ఆశమ్మే.

పదహారేళ్ళకు పాలిష్ డ్రమ్ము దగ్గర కుదిరాడు. ఎండిన పసుపు కొమ్ములు డ్రమ్ములో వేసి తిప్పితే పైపొట్టు రాలి నునుపు తేలుతాయి. ఆ దుమ్మంతా తిప్పేవాడి మీదే. కనురెప్పలు కూడా పచ్చగా ఉండేవి. పెళ్ళినాడు నలుగు పెట్టబోతే ఆశమ్మ గిన్నె పక్కన పెట్టి, "వీనికి వేరే పసుపెందుకే, గీకితే శేరెడు వస్తది" అని అందరినీ నవ్వించింది. ఇరవై నాలుగో ఏట, పెళ్ళయిన ఏడాదికి, గల్ఫు విమానం ఎక్కాడు. ఇప్పుడు నలభై అయిదు. రెండేళ్ళకోసారి రెండు నెలలు సెలవు మీద రావడం, పోవడం. భార్య రజిత, ఇద్దరు ఆడపిల్లలు ఆర్మూర్‌లో. ఈ ఇరవై ఒక్క ఏళ్ళలో అతను ఇంట్లో పడుకున్నది రెండేళ్ళకు కాస్త తక్కువే.

తండ్రి పోయింది భూపతికి పదిహేడేళ్ళప్పుడు. మూడో రోజు పిట్టకు పెట్టారు. మా వైపు ఇది తప్పనిసరి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూడాలి. కాకి వచ్చి ముట్టితే ఆ మనిషి తృప్తిగా వెళ్ళిపోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు అయినవాళ్ళు ఆ కోరిక ఏమై ఉంటుందో ఆలోచించి, ఫలానాది చేస్తామని పైకి మాట ఇవ్వాలి. సరైన మాట పడితే కాకి దిగుతుందని నమ్మకం. ఆ రోజు చాలాసేపు దిగలేదు. పెద్దమనుషులు తలా ఒకటి అన్నారు. చివరికి ఆశమ్మ ముందుకొచ్చి, "బాపూ, తమ్మున్ని నేను సూసుకుంట. నువ్వు ఫికర్ వడకు" అన్నది. కాకి దిగింది. ఆడవాళ్ళు బావురుమన్నారు. టెన్త్ పాసైన భూపతి మాత్రం పక్కవాడితో, "దానికి ఆకలైంది, వచ్చింది. గింతదానికి గింత లొల్లా" అన్నాడు. అంత తెలివి ఉండేది అతనికి ఆ వయసులో.

ఆశమ్మను ఆర్మూర్ దగ్గరే మెండోర అనే ఊళ్ళో ఇచ్చారు. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఎన్నో మొక్కులకు, ప్రశాంత్ పుట్టాడు. ఒక్కడే కొడుకు. భర్త ఆరేళ్ళ కింద పోయాడు. అత్త రత్నవ్వ, ఆశమ్మ, ప్రశాంత్, రెండెకరాల పసుపు. పిల్లవాడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ నేర్చుకుని ఇరవై రెండేళ్ళకు ఖాళీగా తిరుగుతుంటే, మేనమామ సోహార్‌లో సూపర్‌వైజర్‌ను బతిమాలి వీసా తెప్పించాడు. మేనమామ గొప్పగా ఫోన్ చేసి చెప్తే ఆశమ్మ సంతోషపడలేదు.

"వద్దు తమ్మీ. నువ్వు పోయినవు, చాలు" అన్నది.

"ఈడ ఏమున్నదక్కా? పసుపు తవ్వుకుంట బతకాల్నా వాడు?"

"తవ్వుతడు. నా కండ్ల ముందట తవ్వుతడు. నువ్వు పోయినవు, చాలు."

ఆ మాటే మళ్ళీ మళ్ళీ అన్నది. ఆమెకు వేరే మాట రాదా అని భూపతికి విసుగు పుట్టింది. అప్పుడు మామా అల్లుళ్ళు కలిసి ఒక తప్పు పని చేశారు. ఉద్యోగం పరీక్ష ఉందని తల్లికి చెప్పి ప్రశాంత్ హైదరాబాద్ పోయాడు. వీసా కోసం మెడికల్ చేయించుకుని వచ్చాడు. చొక్కా జేబులో రసీదు దొరికితే ఆశమ్మకు తెలిసిపోయింది. ఆమె కొడుకును ఏమీ అనలేదు. తమ్ముడికి ఫోన్ చేసింది. భూపతి ఎత్తలేదు. తిడుతుందని తెలుసు, తిట్టించుకునే ఓపిక లేదు. పదకొండు రోజులు రోజుకు రెండుసార్లు చేసింది. పన్నెండో రోజు నుంచి చేయలేదు. అక్కకు కోపం తగ్గిందనుకున్నాడు మహానుభావుడు. ఆమెకు జ్వరమొచ్చింది. నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయేసరికి జ్వరం రక్తంలోకి ఎక్కిందన్నారు. బుధవారం పొద్దున ప్రాణం పోయింది.

కంపెనీవాళ్ళు పాస్‌పోర్టు ఇవ్వడానికే రెండు రోజులన్నారు. శవాన్ని అంతసేపు ఉంచరు కదా. దహనం ఫోన్‌లోనే చూశాడు. పెళ్ళయిన ఆడది పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. ఆశమ్మకు పుట్టిల్లు అంటే భూపతి ఒక్కడే. రజిత ఆర్మూర్‌లో చీర కొని మెండోర తీసుకుపోయింది. ఆకుపచ్చ చీర. ఎవరి చేతిలోనో ఫోన్ ఊగుతుంటే ఆ ఆకుపచ్చ ఒక్కసారి కనిపించి పోయింది. భూపతి మంచం మీద కూర్చుని, అరవకుండా ఏడవడం ఎట్లాగో ఆ గదిలో నేర్చుకున్నాడు. ఎనిమిది మంది ఉండే గది అది, అందులో నలుగురు నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్నారు.

గురువారం మెస్సులో వంట చేసే ముత్తెన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇందల్వాయి మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు.

"రేపు మూడొద్దులు గదరా. మెండోరల పిట్టకు వెడ్తరు. నువ్వు ఈడ పెట్టవా?"

"నాకు నమ్మకం లేదు ముత్తెన్నా."

"నీ నమ్మకం నిన్నెవడు అడిగిండు? మీ అక్క నమ్ముతుండెనా, లేదా?"

అక్కకు ఏమేమి ఇష్టమని ముత్తెన్న అడిగాడు. చేపల పులుసు, జొన్నరొట్టె, చాయ్‌లో ముంచిన రస్కు అని భూపతి చెప్పాడు. ఎవరో బస్సెక్కి పోయి ఇండియన్ దుకాణంలో జొన్నపిండి తెచ్చారు. రేవు నుంచి చేప తెచ్చారు. మోదుగాకులు అక్కడెక్కడివి! డిచ్‌పల్లి పిల్లవాడు భూమేష్ రోడ్డు పక్క బాదం చెట్టు ఆకులు కోసి, ఈనెపుల్లలతో విస్తరి కుట్టాడు. వంకరటింకరగా వచ్చింది గానీ విస్తరే. ఇందులో ఒక్కరికి కూడా ఆశమ్మ ముఖం తెలియదు. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పటికీ భూపతికి కళ్ళు తడుస్తాయి.

శుక్రవారం సెలవు. ఎనిమిదింటికి క్యాంపు వెనక ఇసుకలో చోటు శుభ్రం చేసి, నీళ్ళు చల్లి, విస్తరి పెట్టారు. ముత్తెన్న చేతులు జోడించి, "ఆశమ్మా, నీ తమ్ముడు పెట్టిండు తల్లీ. ఉప్పెక్కువైతే నన్ను తిట్టు, వాన్ని తిట్టకు. వచ్చి తిను" అన్నాడు.

రోజూ నెత్తి మీద తిరిగే కాకులు ఆ రోజు కూడా వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, నలభై దాకా ఉంటాయి. లైటు స్తంభాల మీద, గోడ మీద, నీళ్ళ ట్యాంకు మీద వరసగా కూర్చున్నాయి. చేపల వాసన వాటికి తెలియకుండా ఉంటుందా? విస్తరి వైపు చూశాయి, భూపతి వైపు చూశాయి, అరిచాయి. ఒక్కటీ దిగలేదు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. చాయ్ చల్లారింది, రస్కు మెత్తబడి పడిపోయింది.

భూమేష్ మెల్లగా అన్నాడు. "అన్నా, నిన్ను గుర్తువట్టినయ్. నువ్వు జర లోపటికి పో. రెండు నిమిషాలల్ల దిగుతయ్."

"పోను."

"పంజరం పెట్టేది నువ్వేనని వాటికి ఎరుకే గదనే."

"నేను పోయినంక తింటే గది నేను పెట్టినట్టు ఎట్లయితదిరా? పోను."

నమ్మకం లేనివాడి పట్టుదల చూడండి. అతనికి ఇప్పుడు కాకి కావాలి, అది కూడా తన కళ్ళ ముందు కావాలి. అక్క కోపంతో పోయిందా లేదా అన్నది తేలాలి. ఈ భూమ్మీద అది తేల్చి చెప్పేది ఆ నల్ల పిట్ట ఒక్కటే అన్నట్టు నిలబడ్డాడు.

"అయితే మాటియ్యి. ఏం కోరిక మిగిలిందో నీకే తెలుస్తది" అన్నాడు ముత్తెన్న.

భూపతి మాటలు ఇచ్చాడు. పదకొండో రోజు ఘనంగా చేయిస్తానన్నాడు. చేను గట్టున ఆమె పేర గద్దె కట్టిస్తానన్నాడు. పోచమ్మకు బోనం ఎత్తిస్తానన్నాడు. రత్నవ్వను ఏ లోటూ లేకుండా చూసుకుంటానన్నాడు. ఒక్కో మాట అని పైకి చూశాడు. కాకులు మెడలు అటూ ఇటూ తిప్పాయి, అంతే. అసలు మాట ఒకటి ఉందని అతనికి తెలుసు, దాన్ని పక్కన పెట్టి మిగతావన్నీ అంటున్నాడనీ తెలుసు. ప్రశాంత్‌ను రానివ్వనని అనాలి. ఆ ఒక్కటీ నోటికి రాలేదు. వచ్చే నెల పిల్లవాడు వస్తాడని తన మంచం పక్క మంచం ఖాళీ చేయించి పెట్టుకున్నాడు.

అప్పుడు అతను చేసిన పని ఉంది చూశారూ, కాకులు పట్టేవాడు తప్ప ఇంకెవరూ చేయరు. గబగబా నడిచి బీచి రోడ్డు పక్కన ఉన్న పంజరం దగ్గరికి పోయాడు. లోపల ఎర కోసం పెట్టిన కాకిని తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకుని వచ్చాడు. ముత్తెన్న నెత్తి కొట్టుకున్నాడు.

"ఓరి నీ పాడుగాను! పట్టి తెచ్చి ముట్టిస్తవా? ముక్కువట్టి తినిపిస్తవా మీ అక్కకు?"

"కాకే గదా ముత్తెన్నా, ఇది కూడా."

విస్తరికి మూరెడు దూరంలో తువ్వాలు విప్పాడు. కాకి రెక్కలు దులుపుకుని నిలబడింది. చేపముక్క వైపు మెడ చాచింది. అది తల తిప్పి భూపతి ముఖం ఒకసారి చూసి, లేచి ఎగిరి, ట్యాంకు మీద మిగతావాటి పక్కన వాలింది. పైనున్నవన్నీ ఒక్కసారిగా అరిచాయి. భూమేష్‌కు నవ్వొచ్చి అటు తిరిగాడు. భూపతి తువ్వాలు పట్టుకుని ఇసుకలో కూలబడ్డాడు. ఇంక అతనికి ఏ సందేహమూ లేకపోయింది, అక్క తన చేతి ముద్ద ముట్టదు.

తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. మెండోర నుంచి ప్రశాంత్. అక్కడ పదకొండు అయి ఉంటుంది. గుండు చేయించుకున్న తల, ఎండకు చిట్లించిన కళ్ళు, వెనక పసుపు చేను, గట్టు మీద పది పదిహేను మంది.

"మామా, ఇక్కడ ముట్టలే" అన్నాడు. గొంతు చిన్న పిల్లవాడిదిలా ఉంది. "ఎనిమిది నుంచి నిలవడ్డం. వస్తున్నయ్, చుట్టూ తిరుగుతున్నయ్, ముడుతలేవు. నానమ్మ ఏడుస్తున్నది."

"మాటిచ్చిండ్రా?"

"అందరిచ్చిండ్రు. అన్ని చెప్పిండ్రు."

"నువ్వు?"

పిల్లవాడు గట్టు వైపు తల తిప్పుకున్నాడు.

"నువ్వేం చెప్పినవురా?"

"గదొక్కటి తప్ప అన్ని చెప్పిన మామా."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. రెండు దేశాల్లో రెండు విస్తళ్ళ ముందు నిలబడి, ఇద్దరు దొంగలూ అదే మాటను నాలుక కింద దాచుకున్నారు. మామే ముందు తేరుకున్నాడు. పెద్దవాడు కాబట్టి, తప్పు మొదలుపెట్టింది తనే కాబట్టి.

"ఫోన్ విస్తరి దిక్కు తిప్పు. జర సౌండ్ పెంచు." లేచి నిలబడి గట్టిగా అన్నాడు. "అక్కా! నీ కొడుకును రానియ్య. వీసా వాపస్ చేస్త. వాడు నీ ఇంట్లనే ఉంటడు. మాటిస్తున్న."

అక్కడ ప్రశాంత్ కూడా వెంటనే అన్నాడు. "అమ్మా, పోను. అబద్ధమాడి హైదరాబాద్ పోయినందుకు తప్పయింది. పోను."

గట్టు మీద జనం పైకి చూడటం ఫోన్‌లో కనిపించింది. ఇక్కడ క్యాంపువాళ్ళు కూడా ఫోన్ చుట్టూ మూగారు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. విస్తరి అట్లాగే ఉంది.

"ముట్టలే మామా" అన్నాడు ప్రశాంత్. ఈసారి ఏడ్చేశాడు.

భూపతి చేతిలో ఉన్న ఒక్క మాటా ఖర్చయిపోయింది. ఇంకేం ఇవ్వాలి ఆమెకు? ఫోన్ ముందు, క్యాంపు ముందు, మెండోర జనం అందరూ వింటుండగా, అతను ఎవరికీ చెప్పని సంగతి బయటికి వచ్చేసింది. ఎందుకు చెప్పాడో అతనికే తెలియదు, దాచడానికి ఓపిక లేక చెప్పి ఉంటాడు.

"వాని బాగు కోసమని చెప్పిన నీకు. కాదక్కా. నా కోసం పిలిచిన. ఈడ నేనొక్కన్ని ఉండలేకపోతున్న. గదిలో ఎనిమిది మందిమి ఉంటం, జరమొస్తే నుదుటి మీద చెయ్యి పెట్టేటోడు లేడు. మనోడు ఒకడు పక్కన పండుకుంటే చాలనుకున్న. గందుకే నీ కొడుకును గుంజుకుందామని చూసిన. నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక ఫోన్ ఎత్తలే."

ముత్తెన్న తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. అతనికి ఇరవై తొమ్మిదేళ్ళయింది వచ్చి. ఫోన్‌లో నుంచి ప్రశాంత్ ఒక్కడే అన్నాడు, కోపం లేదు, గొప్పతనం లేదు, తోచింది అన్నాడు.

"మరి నువ్వే రారాదు మామా?"

భూపతి ఫోన్ వైపు చూశాడు. ఇరవై ఒక్క ఏళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు. రజిత మొదట్లో అని ఉంటుంది, తర్వాత ఆడపిల్లల చదువులొచ్చాయి, ఆమె కూడా మానేసింది. ఎప్పుడు పోతున్నవ్ అనేవారు, ఎప్పుడు వస్తున్నవ్ అనేవారు. వచ్చి ఉండమని అన్నవాళ్ళు లేరు.

"వస్త" అన్నాడు.

"ఎన్ని దినాలకు?"

"మొత్తానికే వస్తరా. ఇగ తిరిగి పోను."

అన్నాక తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. ఏం పని చేస్తాడు, పిల్లల చదువులు ఎట్లా, అవన్నీ ఒక్కసారి ముందుకొచ్చాయి. మాట మాత్రం బయటికి వచ్చేసింది. అక్కడ ప్రశాంత్ ఏదో అనబోతుంటే వెనక నుంచి కేక వినిపించింది. ఫోన్ కింద పడ్డట్టుంది, ఆకాశం కనిపించింది, ఎవరి కాళ్ళో కనిపించాయి. రత్నవ్వ గొంతు "ముట్టింది! ముట్టిందిరో!" అంటోంది. ఆడవాళ్ళ ఏడుపు ఒక్కసారి లేచింది. ప్రశాంత్ ఫోన్ ఎత్తి విస్తరి వైపు తిప్పాడు. మెండోర కాకి ఒకటి చేపముక్కను కాలి కింద తొక్కిపట్టి తింటోంది. దాని పక్కన ఇంకొకటి దిగింది.

అది ఆకలికే వచ్చిందో, ఎండకు ఓర్చుకోలేకే వచ్చిందో, నేను చెప్పేవాణ్ణి కాదు. పదిహేడేళ్ళ భూపతి అక్కడ ఉంటే ఏదో ఒకటి అని ఉండేవాడు. నలభై అయిదేళ్ళ భూపతి ఇసుకలో నుదురు ఆనించి, ఈసారి గొంతు విప్పి ఏడ్చాడు. సోహార్ కాకులు మాత్రం దిగలేదు. కాసేపటికి ముత్తెన్న అతని రెక్క పట్టి లేపి, "ఇగ దా లోపటికి. నువ్వుంటే ఇవి తినవు, పాపం, ఇవి కూడా మన దేశంవే గద" అని గదిలోకి తీసుకుపోయాడు.

మర్నాడే కంపెనీలో కాగితం పెట్టాడు. విడిపించుకుని వచ్చేసరికి యాభై రోజులు పట్టింది. ఆర్మూర్‌లో దిగి, ఇంట్లో పెట్టెలు పెట్టి, చాయ్ తాగకుండా రజితను బండి మీద ఎక్కించుకుని మెండోర పోయాడు. ప్రశాంత్ చేను దగ్గర ఉన్నాడు. రత్నవ్వ అరుగు మీద కూర్చుని ఉంది. చూపు సరిగా ఆనదు ఆమెకు. చేతులతో ముఖమంతా తడిమి గుర్తుపట్టి, పక్కన కూర్చోబెట్టుకుంది. చాలాసేపు కోడలి సంగతులే చెప్పింది. చివరికి భూపతి అడిగాడు.

"అత్తా, ఆ పొద్దు నేను ఫోన్ల అనకముందు మీరు ఏమేం చెప్పిండ్రు అక్కకు?"

"ఏం చెప్పలేదని అడుగు బిడ్డా! గద్దె కట్టిస్తమన్నం. పిల్లగాని పెండ్లి చేస్తమన్నం. బర్రెను అమ్మకుంట సాదుకుంటమన్నం. దాని చెవుల కమ్మలు వచ్చే కోడలికే పెడ్తమన్నం. పోరన్ని గల్ఫుకు పంపనని కూడ నేనే లోపట అనుకున్న." రత్నవ్వ ఆగి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నీ సంగతే ఎవ్వలకు యాదికి రాలె. నువ్వు ఆడనే ఉంటవని అందరం అనుకున్నం. మీ అక్క ఒక్కతే అట్ల అనుకోనట్టుంది."